సీల నుంచి స్టడ్డు దాకా: ఉత్తర తెలంగాణలో చక్రం విప్పే పనితనం

బండి నడుస్తున్నంత సేపూ చక్రం ఇరుసును వదలకూడదు, ఆపి విప్పాలనుకున్నప్పుడు మాత్రం వదలాలి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు. ఎంత గట్టిగా పట్టి ఉంచితే అంత మొండిగా బిగుసుకుంటుంది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతంలో గత నూరేళ్ళలో ఈ పట్టు రూపం చాలా మారింది. ఎడ్లబండికి ఇనుప సీల ఉండేది. తర్వాత బస్సు, లారీలతో మరల నట్టు వచ్చింది. నట్టుతో పాటు తుప్పు, అరిగిన మర, తెగిన బోల్టు కూడా వచ్చాయి. ఇక్కడ కరీంనగర్, ఆదిలాబాద్ అంటే 1905లో ఏర్పడిన పాత జిల్లాలు. ఎలగందుల జిల్లా ఆ ఏడే కరీంనగర్ అయింది, సిర్పూర్ తాండూరు ప్రాంతం ఆదిలాబాద్ జిల్లా అయింది. 2016 అక్టోబరులో వీటిలోంచే జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలు విడివడ్డాయి.

ఎడ్లబండి చక్రం విడి చెక్కల కూర్పు. నడుమ కుండ, కుండలో దిగిన ఆకులు, ఆకుల కొసలను కలుపుతూ వంపు తిరిగిన పూటీలు, వాటన్నిటినీ చుట్టి పట్టే ఇనుప పట్టా. ఆదిలాబాద్ అడవులు టేకుకు పేరు పడ్డాయి కానీ, రాళ్ళబాట మీద దెబ్బలు కాచుకోవలసిన చక్రానికి తుమ్మ మేలు. నార మెలితిరిగిన నల్లతుమ్మ మొద్దు తొందరగా చీలదు. వడ్రంగి కర్ర కోసి, ఎండబెట్టి, ఆకులకు సరిపడా కుండకు తొలులు వేసి కూర్చేవాడు. అక్కడితో అతని పని అయిపోయి కమ్మరి పని మొదలయ్యేది. ఇద్దరిలో ఏ ఒక్కరూ చక్రాన్ని పూర్తి చేయలేరు. అందుకే చాలా ఊళ్ళలో వడ్రంగి కొట్టం, కమ్మరి కొలిమి పక్కపక్కనే ఉండేవి. కూలి డబ్బుగా కాక, పంటకాలంలో కల్లం దగ్గర వడ్లో జొన్నలో కొలిచి ఇచ్చేవారు.

పట్టా ఎక్కించడం ఊరంతా చూసే పని. పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా కొంచెం తక్కువగా కొట్టి, రెండు కొసలూ కలిపి అతుకుతారు. నేల మీద గుండ్రంగా పిడకలు, కట్టెలు పేర్చి పట్టాను అందులో ఎర్రగా కాలుస్తారు. ఐదడుగుల అడ్డుకొలత ఉన్న చక్రం చుట్టుకొలత పదిహేనున్నర అడుగులకు పైనే. ఇనుము ఆరు వందల డిగ్రీల దాకా వేడెక్కితే అంత పొడవులో అంగుళం పావుకు పైగా సాగుతుంది. ఆ సాగిన కాస్త వెసులుబాటులోనే నలుగురు పట్టకార్లతో పట్టాను లేపి, చక్రం మీద దించి, సుత్తులతో సరిచేసి, కర్ర కాలిపోకముందే కడవల కొద్దీ నీళ్ళు గుమ్మరిస్తారు. చల్లారుతూ పట్టా కుంచించుకుంటుంది. వదులుగా ఉన్న ఆకులన్నీ కిర్రుమంటూ కుండలోకి దిగి కూర్చుంటాయి. మేకు లేదు, మర లేదు. చక్రాన్ని పట్టి ఉంచేది వేడికి, చల్లదనానికి మధ్య ఇనుము మారే కొలతే. పట్టుకుపోయిన లారీ నట్టును ఇవాళ గ్యాసుమంటతో వదిలించే మెకానిక్కు వాడుకునేదీ ఇదే గుణాన్ని, తిరగేసి.

ఎండాకాలంలో కర్ర ఎండి ముడుచుకుంటే పట్టా వదులయ్యేది. అప్పుడు చక్రాన్ని విప్పి చెరువులోనో కుంటలోనో ఒక రాత్రి నానేసేవారు. అది తాత్కాలిక వైద్యం. బాగా వదులైతే పట్టాను కోసి, కొంచెం తగ్గించి, మళ్ళీ అతికి ఎక్కించాలి. చక్రం విప్పడమంటే సీల తీయడమే. ఇరుసు కొస కుండ దాటి బయటికి వచ్చిన చోట ఒక రంధ్రం, అందులో దిగగొట్టిన ఇనుప సీల. కైక వేలు కథ తెలిసిన తెలుగువాళ్ళకు సీల విలువ వేరే చెప్పనక్కరలేదు. యుద్ధం నడుమ దశరథుడి రథానికి సీల ఊడితే ఆమె తన వేలు దూర్చి చక్రాన్ని ఆపిందని జనం చెప్పుకునే కథ. సీలను పైనుంచి కిందికి సన్నబడేట్టు కొట్టేవారు. కింది కొస మీద ఒక దెబ్బ వేస్తే పైకి లేచేది. మట్టి, ఆరిన కందెన కలిసి గట్టిపడి అది కదలకపోతే ఆముదం పోసి కాసేపు ఆగి, అటొకటి ఇటొకటి దెబ్బ వేసి కదిపేవారు. కందెన కూడా ఆముదమే, కాల్చిన గడ్డి మసితో కలిపినది. సీల పాడైతే కమ్మరి పావుగంటలో ఇంకొకటి కొట్టిచ్చేవాడు. కొలత కచ్చితంగా ఉండాల్సిన పని లేదు. ఏ ఊరి సీలైనా ఏ బండికైనా దాదాపు సరిపోయేది. మరలు వచ్చాక ఈ సౌకర్యం పోయింది.

ఈ ప్రాంతంలో ఇనుము పనికి లోతైన చరిత్రే ఉంది. గోదావరికి దక్షిణాన, ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో ఉన్న కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించేవారు. లాంబ్టన్ నడిపిన భూమి కొలతల సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశోధకుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ పద్ధతిని స్వయంగా చూసి రాశాడు. ఆయన 1824లో చనిపోతే ఆ రచన 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారు. జగిత్యాల, నిర్మల్ చుట్టుపక్కల పొలాల్లో పాత కొలిముల చిట్టెం గుట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి. 2010లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నియాస్ పరిశోధన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణ అంతటా ఈ చోట్లను సర్వే చేశాయి. కత్తికి వెళ్ళిన ఉక్కు బండి సీలకు వెళ్ళలేదు, అది వేరే సంగతి. సీలకు, పట్టాకు మామూలు మెత్తటి ఇనుమే చాలు. పందొమ్మిదో శతాబ్దంలో చౌక ఇంగ్లీషు ఇనుము దిగుమతి కావడంతో ఊరి కొలిములు కరిగించడం మాని కాల్చి సాగగొట్టడానికే పరిమితమయ్యాయి. లారీలు పెరిగాక పాత కమాన్ పట్టీలు దొరికాయి. మంచి స్ప్రింగు ఉక్కు కాబట్టి కొడవళ్ళు, గొడ్డళ్ళు, నాగలి కర్రులు వాటితోనే చేయసాగారు.

ఆదిలాబాద్ గోండు గూడేల్లో కమ్మరి పని ఎక్కువగా ఖాతీలది. గోండులకు వాళ్ళు నాగలి, బండి, గొడ్డలి చేసిచ్చేవారు. ఇంద్రవెల్లి దగ్గరి కేస్లాపూర్‌లో పుష్య మాసంలో జరిగే నాగోబా జాతరకు మెస్రం వంశస్థులు ఇప్పటికీ ఎడ్లబండ్ల మీద తరలివస్తారు. జాతర కబురు ఊరూరా చెప్పడానికి ముందుగా బయల్దేరే చిన్న బండి ఛకడా. దారి పొడవునా పట్టా, సీల చూసుకుంటూ నడిచే ప్రయాణం ఈ జిల్లాలో ఇలా ఆచారంగానైనా మిగిలింది.

కాజీపేట, బల్లార్షా నడుమ రైలు దారి 1929లో పూర్తయింది. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా మద్రాసు, ఢిల్లీల మధ్య నేరుగా రైళ్ళు నడిచాయి. రైలు చక్రానికి నట్టు ఉండదు. చక్రాన్ని ఇరుసుకు యంత్రంతో వత్తి బిగిస్తారు, రెండూ కలిసే తిరుగుతాయి. ఆవిరి ఇంజను చక్రానికైతే చుట్టూ ఉక్కు పట్టా వేడిచేసి ఎక్కించేవారు. పట్టా అరిగితే మళ్ళీ వేడిచేసి తీసి కొత్తది వేసేవారు. కొలిమి దగ్గర పుట్టి పెరిగినవాడు లోకో షెడ్డులో ఈ పని చూస్తే అతనికి కొత్తగా నేర్చుకోవలసింది కొలతే తప్ప సూత్రం కాదు.

మర, నట్టు ఈ ప్రాంతానికి వచ్చింది బస్సుతో. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. స్కాట్లాండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులు అప్పటివే. ఈ విభాగమే 1951 నవంబరులో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వ రోడ్డు రవాణా శాఖగా, 1958 జనవరి 11 నుంచి ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారింది. మోటారు బండ్ల తొలి రోజుల్లో లోకంలో ఎక్కడా చక్రాలు విప్పడానికి వీలుగా ఉండేవి కావు. పంక్చరైతే చక్రం బండికి ఉండగానే టైరు ఊడదీసి అతుకు వేసేవారు. 1904లో వేల్స్‌లోని లానెల్లీలో, స్టెప్నీ వీధిలో దుకాణం ఉన్న డేవిస్ సోదరులు పంక్చరైన చక్రం పక్కన బిగించే అదనపు చక్రాన్ని తయారుచేశారు. కొన్నేళ్ళలోనే మొత్తం చక్రాన్ని నాలుగైదు నట్లతో విప్పి మార్చే పద్ధతి స్థిరపడింది. హబ్బులోంచి బయటికి పొడుచుకొచ్చిన స్టడ్లు, వాటి మీద చక్రం, చక్రం మీద నట్లు. టైరు మార్చడం తేలికైంది. ఆ తేలిక అంతా నట్టు తిరిగినంత కాలమే.

నట్టు తిరగకపోవడానికి మొదటి కారణం తుప్పు. ఇనుము తుప్పుగా మారితే అది పట్టే చోటు రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. మరల మధ్య వెంట్రుకవాసి సందులో అంత పెరిగితే నట్టు బోల్టుకు అతుక్కుపోతుంది. రెండో కారణం తుప్పు కన్నా చికాకైనది, మరల కొలతలు కలవకపోవడం. ఇది ఈ ప్రాంతానికి ప్రత్యేకం కాదు, దేశమంతా ఉన్నదే. కాకపోతే ఉన్న కొద్ది బండ్లలోనే మూడు దేశాల రకాలు కలిసిన జిల్లాల్లో దీని బాధ ఎక్కువ.

ఇంగ్లండ్‌లో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మర కోణం 55 డిగ్రీలు. ఆల్బియన్, లేలాండ్ వంటి బ్రిటిష్ బండ్లు ఈ కుటుంబం. అమెరికా మర కోణం 60 డిగ్రీలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం అమ్మేసిన అమెరికన్ లారీలు, 1947 నుంచి మహీంద్రా కూర్చిన విల్లీస్ జీపులు, బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ కూర్చిన డాడ్జి, ఫార్గో లారీలు ఈ రకం. 1954లో జంషెడ్‌పూర్ నుంచి టాటా మెర్సిడెస్ లారీ మెట్రిక్ మరతో వచ్చింది. దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చి 1958 అక్టోబరు నుంచి అమలు మొదలైంది. బండి కింద ఉన్న పాత మరలకు చట్టంతో పని లేదు కదా.

కష్టం ఎక్కడంటే, ఈ మరలు చూపుకు ఒకేలా ఉంటాయి. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 చుట్లు, అమెరికన్ ముతక మరకు 13. ఒకదాని నట్టు రెండోదానికి రెండు మూడు చుట్లు చక్కగా ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది. ఎక్కించేవాడు నట్టు గట్టిగా ఉందనుకుని పైపు వేసి తిప్పితే మర మీద మర కోసుకుపోతుంది. దానికన్నా ప్రమాదం వదులుగా ఎక్కేది. జీపు చక్రపు స్టడ్డు అర అంగుళం, అంగుళానికి 20 చుట్లు. అంటే మర నుంచి మరకు 1.27 మిల్లీమీటర్లు. 1983 చివరలో వచ్చిన మారుతి కారు స్టడ్డు 12 మిల్లీమీటర్లు, మర దూరం 1.25. జీపు నట్టు దాని మీద హాయిగా చివరి దాకా ఎక్కుతుంది. కానీ మరల కొసలే తాకుతాయి. బరువు పడి చక్రం నాలుగు మలుపులు తిరిగితే ఆ కొసలు రాలిపోతాయి. మర పోయిందనీ, ఉర్దూ అలవాటున్న షెడ్లలో చూడీ పోయిందనీ చెప్పే కేసుల్లో చాలావాటికి మూలం నట్ల డబ్బాలో చేతికొచ్చినది తీసి బిగించడమే.

పానాల కథా ఇలాంటిదే. మెట్రిక్, అమెరికన్ పానాల మీది అంకె నట్టు రెండు పక్కల మధ్య దూరం. విట్‌వర్త్ పానా మీది అంకె మాత్రం బోల్టు లావు. దాని నోరు ఆ అంకె కన్నా చాలా పెద్దది. అర అంగుళం అని రాసి ఉన్న రెండు పానాలు పక్కపక్కన పెడితే ఒకదాని నోట్లో రెండోదాని నట్టు గిరగిరా తిరుగుతుంది. కొంచెం వదులైన పానాతో రెండుసార్లు బలం పెడితే చాలు, నట్టు ఆరు మూలలూ అరిగి గుండ్రమవుతుంది. తర్వాత సరైన పానా తెచ్చినా పట్టదు.

ఇంకొక చిక్కు ఎదురు మర. ముందుకు నడిచే బండిలో ఎడమ చక్రం తిరిగే తీరు మామూలు నట్టును మెల్లగా సడలిస్తుందన్న ఆలోచనతో చాలా బ్రిటిష్ లారీలకు, డాడ్జి బండ్లకు, యుద్ధకాలపు జీపులకు ఎడమవైపు స్టడ్లకు ఎడమచేతి మర వేశారు. జీపు స్టడ్డు కొస మీద ఎల్ అనే ఇంగ్లీషు అక్షరం కొట్టి ఉండేది. బురద కప్పితే అది కనపడదు. విప్పుతున్నానని అనుకుంటూ బిగించి, నట్టు రావట్లేదని ఇంకా బలం వేసి స్టడ్డును తెంపేయడం ఎదురు మర తెలియని ప్రతి కొత్త డ్రైవరుకూ జరగగల పని. అటవీ శాఖ జీపులు తిరిగే ఆదిలాబాద్ దారుల్లో సాయానికి మరో బండి వచ్చేదాకా అడవిలోనే నిలబడాల్సి వచ్చేది. నట్టు కూర్చునే చోటును వాలుగా కోసే పద్ధతి కుదిరాక ఎదురు మర అవసరం తగ్గి, కొత్త బండ్లలో దాదాపు మాయమైంది.

మరల నట్టు పల్లెల్లోకి చేరింది లారీ వల్ల కన్నా రబ్బరు టైర్ల ఎడ్లబండి వల్ల. 1930లలో డన్‌లప్ కంపెనీ ఎడ్లబండ్ల కోసం ఇనుప ఇరుసు, బేరింగులు, గాలి టైర్లు ఉన్న చక్రాలను మన దేశంలో అమ్మకానికి తెచ్చింది. బెంగాల్‌లోని సాహాగంజ్‌లో 1936లో దాని కర్మాగారం మొదలైంది. పెద్ద బరువును అవే రెండు ఎడ్లు లాగగలిగాయి. ఇసుకలో, రేగడిలో పట్టాచక్రం దిగబడినంతగా ఇది దిగబడదు. పత్తి మార్కెట్టుకు, చెరకు గానుగకు, పట్నం బజారుకు డన్‌లప్ బండి వెళ్ళడం ఊళ్ళో హోదా. అయితే ఊరి వడ్రంగికి, కమ్మరికి దాని చక్రంలో పని లేకుండా పోయింది. పంక్చరు వేసేవాడు, లేతు మిషను ఉన్నవాడు, వెల్డింగు చేసేవాడు కావలసి వచ్చారు. ఆ పనుల్లోకి దిగినవాళ్ళలో విశ్వకర్మ కుటుంబాల యువకులు చాలామంది ఉన్నారు. సుత్తి దెబ్బ ఎక్కడ వేయాలో, ఎర్రదనం ఎప్పుడు చాలో వాళ్ళకు ఇంట్లోనే తెలుసు.

1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, అంటే శ్రీరాంసాగర్, 1970ల తర్వాత కాకతీయ కాలువ ద్వారా కరీంనగర్ పొలాలను తడిపింది. వరి పెరిగింది, వరితో ట్రాక్టరు పెరిగింది. కరిగెట చేసేటప్పుడు, అంటే నాటుకు ముందు మడిని బురదగా దున్నేటప్పుడు, ట్రాక్టరు వెనక టైర్లు పట్టు తప్పుతాయి కాబట్టి వాటి పక్కన గానీ, వాటి స్థానంలో గానీ ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తారు. తారు రోడ్డు మీద ఇవి నడపకూడదు, రోడ్డు చీరుకుపోతుంది. అందుకని పొలం గట్టు దగ్గరే చక్రాలు మార్చడం. ప్రతి పంటకూ ఎక్కించడం, దించడం, అదీ మోకాలి లోతు బురద పక్కన. మర సందుల్లో బంకమట్టి ఉండగానే నట్టు ఎక్కిస్తే ఆ మట్టిలోని ఇసుక ఆకురాయిలా పని చేస్తుంది. పని అయ్యాక ట్రాక్టరు కొట్టంలో నిలబడిపోతుంది. తడి మట్టి ఆరి, తుప్పు పట్టి, తర్వాతి పంట నాటికి నట్టు కదలదు. ఈ జిల్లాల్లో పాడైన చక్రపు బోల్టుల గురించి రాయాలంటే లారీ కన్నా ముందు రాయాల్సింది వరి మడిలోని ఈ ట్రాక్టరు గురించే. బిగించే ముందు తీగబ్రష్షుతో మర తుడవడం, దించిన తర్వాత నట్లను విడిగా కడిగి డీజిలు రాసి డబ్బాలో పెట్టడం తప్ప దీనికి మందు లేదు.

బొగ్గు, సిమెంటు, రాయి ఈ పనిని మరింత పెంచాయి. 1920ల చివర బెల్లంపల్లిలో, 1960 ప్రాంతంలో గోదావరిఖనిలో సింగరేణి గనులు మొదలయ్యాయి. మంచిర్యాలలో, బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. రామగుండంలో ఎన్టీపీసీ తొలి యూనిట్ 1983లో పనిచేయడం మొదలుపెట్టింది. కరీంనగర్ చుట్టూ గుట్టల్లోంచి ‘టాన్ బ్రౌన్’ పేరుతో విదేశాలకు వెళ్ళే గ్రానైటు దిమ్మెలు లారీల మీదే కదిలాయి. మోయాల్సిన దానికన్నా ఎక్కువ బరువు ఎక్కించిన లారీలో స్టడ్లు సాగుతాయి. సాగిన స్టడ్డు మీద నట్టు వదులవుతుంది. వదులైన చక్రం రంధ్రాలను కోడిగుడ్డు ఆకారంలోకి కొట్టేస్తుంది. పదింటిలో ఒక స్టడ్డు తెగితే దాని బరువు పక్క రెండింటి మీద పడుతుంది. అందుకే తెగినది ఒక్కటే అయినా పక్కవి రెండూ కలిపి మార్చమని తయారీదారులు చెబుతారు. రోడ్డు పక్క షెడ్డులో మాత్రం చాలాసార్లు తెగినదొక్కటే మారుతుంది.

మొండి నట్టును విప్పే క్రమం కరీంనగర్ ఆర్టీసీ జోనల్ వర్క్‌షాపులోనైనా, మంచిర్యాల రోడ్డు మీది రేకుల షెడ్డులోనైనా దాదాపు ఒకటే. ముందు నూనె. పూర్వం గ్యాసునూనె, డీజిలు పోసి రాత్రంతా ఉంచేవారు. ఇప్పుడు డబ్బా స్ప్రేలు వచ్చాయి. నూనె లోపలికి పాకడానికి కావలసింది సమయం. తొందరపడేవాడి దగ్గర ఏ నూనే పని చేయదు. తర్వాత నట్టు తల మీద సూటిగా సుత్తి దెబ్బలు. దెబ్బకు తుప్పు పొర పగులుతుంది, ఆ పగుళ్ళలోకి నూనె దిగుతుంది. ఆ తర్వాత కొంచెం బిగించి, అప్పుడు విప్పడం. బిగించే వైపు వీసమెత్తు కదిలినా పట్టు విడిచినట్టే. నట్టు మూలలు అరిగి ఉంటే ఒక కొలత తక్కువ సాకెట్టును సుత్తితో కొట్టి ఎక్కిస్తారు, అది కొత్త మూలలు కోసుకుంటూ దిగుతుంది.

ఇవేవీ కుదరకపోతే వేడి. ముప్ఫై మిల్లీమీటర్ల నట్టు మూడు వందల డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో పదో వంతు సాగుతుంది. చూడ్డానికి తక్కువే, తుప్పు పట్టు విడవడానికి సరిపోతుంది. కిటుకు ఏమిటంటే వేడి నట్టుకే తగలాలి, స్టడ్డుకు చేరకముందే తిప్పాలి. రెండూ కలిసి వేడెక్కితే రెండూ కలిసి సాగుతాయి, లాభం లేదు. టైరులో గాలి ఉండగా మంట పెట్టడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చే పని. లోపలి గాలి, రబ్బరు వేడెక్కి టైరు బాంబులా పేలుతుంది. గాలి మొత్తం తీశాకే మంట వెలిగించాలి. ఎర్రగా కాలిన స్టడ్డు తన గట్టిదనం కోల్పోతుంది కాబట్టి దాన్ని మళ్ళీ వాడకూడదు. బేరింగు గ్రీజు, ఆయిలు సీలు కూడా చూసుకోవాలి.

నట్టును కాపాడాల్సిన అవసరం లేకపోతే ఛేనీతో దాని పక్కను నిలువునా చీలుస్తారు. నేర్పున్న చేయి మర దాకా వచ్చి ఆగుతుంది, స్టడ్డుకు గాటు పడదు. గ్యాసు కట్టరుతో కోయడం త్వరగా అవుతుంది, కానీ చక్రం రింగుకు గాటు పడితే ఆ చక్రం తర్వాత అక్కడే పగులుతుంది. స్టడ్డు తల తెగి లోపలే మిగిలిపోతే దాని మీద పెద్ద నట్టు పెట్టి, నట్టు రంధ్రంలోంచి వెల్డింగు నింపుతారు. వెల్డింగు వేడి తుప్పును వదిలిస్తుంది, పట్టుకోవడానికి కొత్త తలా దొరుకుతుంది. ఒక్క దెబ్బకు రెండు పనులు అయ్యే ఈ ఉపాయం షెడ్లలో పుట్టిన తెలివికి మంచి ఉదాహరణ. మరతో హబ్బులోకి దిగిన బోల్టు అందులోనే తెగితే నడుమ రంధ్రం తొలిచి, ఎదురు మర ఉన్న ఈజీ అవుట్ దించి తిప్పుతారు. ఈజీ అవుట్ గట్టి ఉక్కు. అది లోపల విరిగిందంటే డ్రిల్లు కూడా దిగదు, హబ్బే మార్చుకోవాలి. తెలిసిన మెకానిక్కు అందుకే దాన్ని ఆఖరికి గానీ తీయడు.

చాలా లారీల, బస్సుల హబ్బుల్లో స్టడ్డు వెనక నుంచి దూర్చి బిగించి ఉంటుంది. మెడ చుట్టూ ఉన్న గీట్లు హబ్బును కరిచి పట్టుకుంటాయి. బ్రేకు డ్రమ్ము తీసి, ముందు నుంచి ఇత్తడి లేదా రాగి కడ్డీ ఆనించి కొడితే వెనక్కి వస్తుంది. కొత్తదాన్ని సుత్తితో కొట్టకుండా నట్టు, వాషర్ల సాయంతో లాగి కూర్చోబెట్టాలి. మర కొంచెమే చెడితే మర కోసే డై తిప్పి సరిచేయవచ్చు. సగం చుట్లు పోయినదాన్ని డైతో అందంగా చేసినా బరువు మోయదు.

బిగింపు సంగతిలో జనం అనుకునేదానికి, జరిగేదానికి తేడా ఉంది. పానా మీద వేసిన బలంలో దాదాపు పదో వంతే స్టడ్డును లాగి పట్టడానికి పనికొస్తుంది. మిగతా తొమ్మిది వంతులు నట్టు అడుగున, మరల నడుమ రాపిడికే పోతాయి. మరకు గ్రీజు బాగా పూసి అదే బలంతో బిగిస్తే రాపిడి తగ్గి స్టడ్డు మీద లాగుడు ఎక్కువవుతుంది, సాగి తెగుతుంది. తుప్పు రాకుండా పూసిన గ్రీజు ఇలా ఎదురు తిరుగుతుంది. 22 మిల్లీమీటర్ల స్టడ్లున్న నేటి భారీ లారీలకు సుమారు 600 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి. పానాకు మీటరు పొడవు పైపు తొడిగి, అరవై కిలోల మనిషి దాని కొస మీద నిలబడితే పడే బలం దాదాపు అంతే. పైపు మీద ఎక్కి తొక్కే పాత పద్ధతి అనాగరికంగా కనిపించినా లెక్క తప్పలేదు. లెక్క తప్పేది రెండు మీటర్ల పైపు దొరికినప్పుడూ, ఇద్దరు ఎక్కినప్పుడూ.

ఇప్పుడు టైరు షాపుల్లో గాలి గన్ను ఉంది. పది నట్లు క్షణాల్లో దిగుతాయి. గన్ను ఎంత బలం వేస్తుందో కంప్రెసరులో గాలిని బట్టి మారుతుంది. ఒకే చక్రం మీద ఒక నట్టు వదులు, ఇంకొకటి మితిమీరిన బిగువు కావచ్చు. గన్నుతో అడ్డంగా ఎక్కిన నట్టు మర కోస్తున్నా చేతికి తెలియదు. చేత్తో తిప్పేవాడికి మొదటి చుట్టులోనే తెలుస్తుంది. అందుకని మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తో ఎక్కించి, ఎదురెదురు నట్లను వరసగా బిగించి, చివర టార్కు పానాతో సరిచూడడం మేలైన పద్ధతి. చక్రం మార్చిన బండిని యాభై నుంచి వంద కిలోమీటర్లు నడిపాక ఆపి నట్లన్నీ ఇంకోసారి చూడాలి. రంగు, దుమ్ము, తుప్పు పొరలు ఆ దూరంలో అణిగి నట్లు కాస్త వదులవుతాయి.